ఆరుగురికి ఒక్క బాత్‌రూమ్: గోడ ఎక్కడ, గొట్టం ఎటు?

ఇల్లు కట్టుకునేవాళ్లూ, ఉన్న ఇంటిని బాగుచేయించుకునేవాళ్లూ పంపిన ప్రశ్నలకు మా ఇంజినీర్ల జవాబులు. ఈ నెల గోదావరి డెల్టా ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బాత్‌రూమ్‌ల గురించే.

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఇంట్లో ఆరుగురం: మావయ్యగారు, అత్తయ్యగారు, మేమిద్దరం, ఇంటర్ చదివే అమ్మాయి, 7వ తరగతి అబ్బాయి. వెనక వరండాని ఆనుకుని 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గది ఒకటుంది. అదే అందరికీ బాత్‌రూమ్. దాని పొడవు గోడల్లో ఒకటి ఉత్తరాన వరండా వైపు, రెండోది దక్షిణాన పెరటి వైపు. పడమటి కొసన ఇండియన్ బేసిన్, తూర్పు మూల నీళ్ల తొట్టి. పొద్దున్న 6 నుంచి 8 దాకా తలుపు కొట్టుకోవడమే సరిపోతోంది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేరు. పాతదంతా పగలగొట్టి, అదే గదిలో కమోడ్, షవర్, వాష్ బేసిన్ పెట్టి పైదాకా టైల్స్ వేసేద్దాం అంటున్నాడు మేస్త్రి. వచ్చే సంక్రాంతికి ఆడపడుచులు వస్తే మేం పదిమందిమి అవుతాం. అడ్వాన్సు ఇచ్చేయమంటారా?

జవాబు: అడ్వాన్సు ఒక వారం ఆపండమ్మా. మేస్త్రి చెప్పినట్టు చేస్తే గది అందంగా మారుతుంది గానీ తలుపు కొట్టుకోవడం మాత్రం తప్పదు. పొద్దున్న రెండు గంటల్లో ఒకరు పళ్లు తోముకోవాలి, ఒకరు లెట్రిన్‌కి వెళ్లాలి, ఒకరు స్నానం చేయాలి. ఈ మూడూ ఒకే తలుపు వెనక పెడితే ఒకరు లోపలున్నంతసేపూ మిగిలిన ఐదుగురూ బయటే. మూడూ విడదీస్తే అదే గదిలో ఒకేసారి ముగ్గురికి పని జరుగుతుంది. మీ గదికి పొడవు గోడ వరండా వైపు ఉండటం పెద్ద అదృష్టం. రెండు తలుపులు పక్కపక్కనే పెట్టుకోవచ్చు.

10 అడుగులంటే 120 అంగుళాలు. పడమర వైపు 48 అంగుళాలు లెట్రిన్‌కి ఇవ్వండి. నాలుగున్నర అంగుళాల అడ్డగోడ ప్లాస్టరింగు, టైలు కలుపుకుని 6 అంగుళాలు తింటుంది. మిగిలిన 66 అంగుళాలు స్నానాల గది. రెండింటికీ 6 అడుగుల లోతు ఉంటుంది. వాష్ బేసిన్ లోపల వద్దు, వరండాలో రెండు తలుపుల మధ్య గోడకు పెట్టండి. తలుపులు ఒక్కోటి 30 అంగుళాలు. లెట్రిన్ తలుపు పడమటి కొసకి, స్నానాల గది తలుపు తూర్పు కొసకి జరపండి. అప్పుడు మధ్యలో మూడున్నర అడుగుల పైచిలుకు గోడ మిగులుతుంది, 20 అంగుళాల బేసిన్ సుఖంగా పడుతుంది. తలుపులు రెండూ వరండాలోకే తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపైతే పెద్దవాళ్లు జారి తలుపుకి అడ్డంగా పడినప్పుడు బయటనుంచి తియ్యలేం. బందులు కొసల వైపు బిగిస్తే తలుపులు బేసిన్ దగ్గర నిలబడ్డవాళ్లకి తగలవు. గుమ్మాలకి చెక్క వద్దు, గ్రానైట్ పెట్టించండి. చెక్క గుమ్మం కాళ్లు మన తేమకి మూడేళ్లలో మెత్తబడతాయి.

కమోడ్ దక్షిణపు గోడకి, అంటే పెరటి వైపు వస్తుంది. కూర్చున్నవాళ్ల ముఖం ఉత్తరానికి ఉంటుంది కాబట్టి వాస్తు పట్టింపు ఉన్నవాళ్లకీ ఇబ్బంది లేదు. కమోడ్‌ని గది మధ్యలో పెట్టకండి. దాని నడిమి గీత అడ్డగోడకి 18 అంగుళాల దూరంలో ఉండాలి. అప్పుడు అత్తయ్యగారికి పట్టుకునే కడ్డీ చేతికందుతుంది, ఆ గీతకి అవతలి పక్క 30 అంగుళాలు మిగులుతాయి కాబట్టి అవసరమైతే ఇంకొకరు నిలబడి సాయం పట్టొచ్చు. సీటు ఎత్తు 17 నుంచి 19 అంగుళాలుండే మోడల్ అడగండి. మామూలు మోడళ్లు ఇంతకంటే తక్కువ ఎత్తులో ఉంటాయి, మోకాళ్ల నొప్పులవాళ్లు లేవడానికి ఆ రెండు మూడు అంగుళాలే ప్రాణం. కడ్డీ నేల నుంచి 33 అంగుళాల ఎత్తులో, గోడకీ కడ్డీకీ మధ్య ఒకటిన్నర అంగుళం సందుతో రావాలి. నాలుగున్నర అంగుళాల గోడలో ఉత్త ఇటుకకి వేసిన బోల్టు నాలుగు నెలలకే వదులవుతుంది. అందుకని గోడ కట్టేటప్పుడే కడ్డీ కాళ్లు వచ్చే రెండు చోట్లా ఇటుకకి బదులు 9 అంగుళాల కాంక్రీటు బిళ్ల పోయించండి. టైల్స్ పడ్డాక అది ఎక్కడుందో కనపడదు కాబట్టి కొలతలు రాసుకుని ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక గొట్టం సంగతి. కమోడ్‌లో రెండు రకాలున్నాయి. ‘ఎస్’ ట్రాప్ (నీళ్లు నిలిచే వంపు) రకానికి దారి నేలలోకి, ‘పి’ ట్రాప్ రకానికి దారి గోడలోకి ఉంటుంది. డెల్టాలో మా ఓటు ‘పి’ ట్రాప్‌కే. కారణం లెక్కలోనే ఉంది. ‘పి’ ట్రాప్ గొట్టం నడిమి గీత నేలకి 7 అంగుళాల పైన ఉంటుంది, అంటే 4 అంగుళాల గొట్టం అడుగు నేలకి 5 అంగుళాల పైన. సెప్టిక్ ట్యాంకు 30 అడుగుల దూరం ఉందనుకుందాం. అడుగుకి పావు అంగుళం వాటం ఇస్తే దారి పొడవునా ఏడున్నర అంగుళాలు దిగుతుంది. అంటే ట్యాంకు దగ్గరకి వెళ్లేసరికి మీ గది నేలకి రెండున్నర అంగుళాలే కింద ఉంటుంది. అదే ‘ఎస్’ ట్రాప్ అయితే మొదలే నేలకి 6, 7 అంగుళాల కింద, ట్యాంకు దగ్గరకి 14 అంగుళాల కింద తేలుతుంది. వానాకాలం నీళ్లు పైకి వచ్చే మన నేలలో ఆ అడుగు తేడాయే ఫ్లష్ పోవడానికీ, వెనక్కి తన్నడానికీ మధ్య తేడా. కాబట్టి ఏమీ కొనకముందే మేస్త్రిచేత లెవెల్ ట్యూబు (ఎత్తులు పోల్చి చూసే నీళ్ల ట్యూబు) పట్టించి, గది నేలకీ సెప్టిక్ ట్యాంకులోకి దిగే గొట్టం అడుగుకీ ఎంత తేడా ఉందో చూడండి. లేఅవుట్ అంతా ఆ ఒక్క కొలత మీద ఆధారపడి ఉంటుంది. వాటం మరీ ఎక్కువిచ్చినా తప్పే. నీళ్లు ముందు పరిగెత్తి మలం గొట్టంలోనే నిలిచిపోతుంది.

స్నానం నీళ్లు సెప్టిక్ ట్యాంకులో కలపకండి. ఆరుగురి స్నానాల నీళ్లు తోడైతే ట్యాంకులో మురుగు నిలవదు, అడుగుకి చేరాల్సినది ముందే బయటికి కొట్టుకుపోతుంది. 3 అంగుళాల గొట్టంతో పెరట్లో కొబ్బరిచెట్ల పాదులకి మళ్లించండి. నీళ్లు నిలిచి దోమలు ముసరకుండా నాలుగైదు పాదులకి పంచాలి.

స్నానాల గదిలో కుళాయిలన్నీ పెరటి వైపు 9 అంగుళాల గోడలోనే రావాలి. అడ్డగోడలో అడ్డంగా గాడి కొట్టనివ్వకండి, నాలుగున్నర అంగుళాల గోడ సగానికి తెగినట్టే. బకెట్ కుళాయి మూతి పూర్తయిన నేల నుంచి 20 నుంచి 22 అంగుళాలు, వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే మిక్సర్ 36 నుంచి 39 అంగుళాలు. ప్లంబర్లు చేసే పొరపాటు ఇక్కడే: టైలు పడని నేల నుంచి కొలుస్తారు. ఆ తర్వాత వాటానికి మాలు, టైలు కలిసి మూడంగుళాలు పెరిగేసరికి కుళాయి కింద బకెట్ దూరదు. పని మొదలుపెట్టిన రోజే లెవెల్ ట్యూబుతో, పూర్తయ్యే నేలకి సరిగ్గా మూడడుగుల ఎత్తున నాలుగు గోడలమీదా గీత కొట్టించండి. అన్ని కొలతలూ ఆ గీత నుంచే.

మీది ఒక్క అంతస్తు ఇల్లయితే పైకప్పు నుంచి జల్లులా పడే వెడల్పాటి షవర్ పెట్టకండి. స్లాబు మీద ట్యాంకుకీ షవర్ తలకీ ఆరేడు అడుగుల తేడా ఉంటే వచ్చే ఒత్తిడి దానికి చాలదు, బొట్లు బొట్లుగా రాలుతుంది. చేతి షవర్ చాలు. తూర్పు గోడకి 16 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల ఎత్తు గ్రానైట్ బల్ల కట్టిస్తే మావయ్యగారు, అత్తయ్యగారు కూర్చుని స్నానం చేస్తారు. పెరట్లో కాగు పెట్టి నీళ్లు కాచే అలవాటు ఇంకా ఉంటే గడపే ఉండకూడదు. వేడినీళ్ల బకెట్ పట్టుకుని గడప దాటడం ప్రమాదం. వరండా కంటే స్నానాల గది నేల గుమ్మం దగ్గర అర అంగుళం దిగితే చాలు. అక్కడినుంచి పెరటి గోడ దాకా అడుగుకి పావు అంగుళం చొప్పున దిగి, మూలన జాలీ దగ్గర నీళ్లు చేరాలి. జాలీ గుమ్మం దగ్గర పెట్టిన గదులు చాలా చూస్తాం. స్నానం అయ్యాక బయటికొచ్చే ప్రతివాళ్ల కాళ్లూ తడే.

టైల్స్ లెక్క: స్నానాల గది నేల 33 చదరపు అడుగులు, గోడలు 7 అడుగుల ఎత్తుకి తలుపు తీసేయగా సుమారు 144. లెట్రిన్ నేల 24, గోడలు 4 అడుగుల ఎత్తుకి 70. అన్నింటికీ పదో వంతు కలిపి కొనండి, రెండు పెట్టెలు మిగిలితే దాచుకోండి. తర్వాత అదే రంగు దొరకదు. నేలకి 1 అడుగు చదరం టైలు మించొద్దు. రెండడుగుల టైలుని జాలీ వైపు వాటానికి వంచలేం, ముక్కలు కోయాల్సి వస్తుంది. జారని రకం కావాలంటే ‘ఆర్ 10’ లేదా ‘ఆర్ 11’ అని అడగండి.

గీజర్ స్విచ్చి వరండాలోనే ఉండాలి. 16 ఆంపియర్ల ప్లగ్గు, లోడు ఎక్కువైతే కరెంటు ఆపే 20 ఆంపియర్ల ఎంసీబీ, దానితోపాటు కరెంటు లీకైతే వెంటనే ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఎర్తింగు. ఖర్చు తగ్గించుకోవాలంటే టైల్స్‌లో తగ్గించుకోండి, ఆర్‌సీసీబీలో వద్దు.

పంట కాలువలకి నీళ్లు ఆపేశాక, ఎండాకాలంలో పని పెట్టుకోండి, సంక్రాంతికి చాలా ముందే తయారవుతుంది. అప్పుడు నేలలో నీళ్లు దిగి ఉంటాయి, గొట్టాల గోతులు పొడిగా దొరుకుతాయి. నల్లమట్టి ఎండకి బీటలిచ్చి వానకి ఉబ్బుతుంది కాబట్టి గొట్టం కింద, చుట్టూ 4 అంగుళాల ఇసుక పోయించాలి, లేకపోతే అతుకులు వదులుతాయి. ముందు తూర్పు సగం పూర్తి చేయించుకుని, తర్వాతే పాత ఇండియన్ బేసిన్ పగలగొట్టండి. అలా అయితే లెట్రిన్ లేకుండా గడపాల్సింది వారం రోజులే.

ప్రశ్న: పాలకొల్లులో మా ఇంటి బాత్‌రూమ్ 7 అడుగులు, 5 అడుగులు. తలుపు చిన్న గోడకి ఉంది. అడ్డగోడ కట్టే చోటు లేదు. ఏ వస్తువు ఎక్కడ పెట్టాలి?

జవాబు: తలుపు నుంచి లోపలికి తడి పెరుగుతూ పోవాలి: ముందు బేసిన్, తర్వాత కమోడ్, చివర స్నానం. 84 అంగుళాల్లో బేసిన్‌కి 20, కమోడ్‌కి 30, స్నానానికి 34 ఇవ్వండి. బేసిన్, కమోడ్ ఒకే పొడవు గోడకి పెట్టండి. కమోడ్ ముందుకి 28 అంగుళాలు వస్తే ఇంకా 32 అంగుళాల దారి ఉంటుంది. స్నానం చేసే చోటుని మిగతా నేలకంటే అర అంగుళం దించి, కడ్డీకి ప్లాస్టిక్ తెర వేలాడదీస్తే చాలు. ఇంత ఇరుకులో అద్దం తలుపు పెడితే మోచేతులకి తగులుతుంది. వీలైతే బేసిన్‌ని కూడా బయటికే పంపేయండి.

ప్రశ్న: ఏటా ఆగస్టు వచ్చేసరికి మా కమోడ్‌లో నీళ్లు మెల్లగా దిగుతాయి, పక్కన జాలీలోంచి గుడగుడ చప్పుడు, కంపు. ఎండాకాలంలో ఏ గొడవా ఉండదు. కొత్త కమోడ్ పెడితే పోతుందా? (నరసాపురం దగ్గర నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పోదండీ. తప్పు కమోడ్‌ది కాదు. మీ ఉత్తరంలో రెండు రోగాలు కలిసి ఉన్నాయి, విడదీసి చూడాలి.

మొదటిది గుడగుడ. జాలీ కింద ట్రాప్‌లో రెండంగుళాల నీళ్లు నిలబడి గ్యాసుని ఆపుతాయి. పైన గాలి గొట్టం లేకపోతే, ఫ్లష్ నీళ్లు ఒక్కసారి దిగినప్పుడు గొట్టంలో గాలి చాలక ఆ ట్రాప్ నీళ్లనే లాక్కుంటుంది. ఆ చప్పుడే మీరు వింటున్నది. అడ్డం పోయింది కాబట్టి కంపు లోపలికొస్తుంది. ఒక బకెట్ నీళ్లు కమోడ్‌లో గబుక్కున కుమ్మరించి, జాలీ తీసి టార్చి వేసి చూడండి. లోపలి నీళ్లు ఊగి తగ్గితే గాలి గొట్టం లేనట్టే. కమోడ్ గొట్టం గోడ బయటికి వచ్చిన చోట ‘టీ’ వేసి, 2 లేదా 3 అంగుళాల గొట్టాన్ని స్లాబు పిట్టగోడకి రెండడుగుల పైదాకా లేపండి. మూతికి దోమల జాలీ కట్టడం మరిచిపోకండి. అది కట్టకపోతే ఇంట్లో దోమలు పెంచినట్టే.

రెండోది వానాకాలపు అడ్డంకి. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలి, పైన వానలు కూడా పడితే, మీ వైపు నేలలో నీళ్లు చాలాచోట్ల చేతికందే లోతుకి వస్తాయి. ఇంకుడు గుంత తనే నిండిపోయి ఉన్నప్పుడు ట్యాంకులోంచి వచ్చే నీళ్లు ఎక్కడికి పోతాయి? ఛాంబర్ మూత తీసి చూడండి. గొట్టం మూతి నీళ్లలో మునిగి ఉంటే జబ్బు గుంతదే. గుంతని ఇంకా లోతు తవ్వించడం అందరూ చేసే పని, దానివల్ల లాభం లేదు. లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లలోకే వెళ్తున్నారు. లోతు తక్కువ, పొడవెక్కువ ఉండే కాలువలా, పెరట్లో కాస్త మిట్ట చోట కంకర పోసి వేయించాలి. మంచినీళ్ల బావికీ బోరుకీ అది 60 అడుగుల దూరంలో ఉండాలి.

ట్యాంకు చిన్నదైతే కూడా ఇదే గొడవ. ఐదుగురికి లోపల 1.5 మీటర్ల పొడవు, 0.75 వెడల్పు, 1 మీటరు నీళ్ల లోతు ఉండాలి. పదిమందికి రెండేళ్లకోసారి శుభ్రం చేయించేలా అయితే 2 మీటర్ల పొడవు, 0.9 వెడల్పు, 1.4 లోతు. నీళ్ల పైన ఇంకో 30 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. శుభ్రం మాత్రం మెషిన్ లారీతోనే. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపి శుభ్రం చేయించడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం, పైగా లోపలి గ్యాసు ప్రాణం తీస్తుంది. తల పెట్టి తొంగి చూడటం కూడా చేయొద్దు.

ప్రశ్న: తణుకులో ఉంటాం. పై అంతస్తులో బాత్‌రూమ్ మార్పిస్తున్నాం, కింద హాలు ఉంది. లీకు రాకుండా ఏం చూసుకోవాలి? టైల్స్ వేసేవాడు జిగురు మంచిదైతే చాలంటున్నాడు.

జవాబు: టైలూ జిగురూ నీళ్లని ఆపవు. ఆపాల్సింది వాటి కింద ఉన్న పొర. పాతదంతా స్లాబు కనపడేదాకా తీయించి, బ్రష్షుతో దుమ్ము లేకుండా చేయించండి. గొట్టాలు స్లాబులోంచి దిగే చోట సందుని కుంచించుకుపోని గ్రౌటుతో నింపాలి. లీకుల్లో ఎక్కువ అక్కడివే. గోడా నేలా కలిసే మూలల్లో మాలుతో గుండ్రంగా వంపు తిప్పించాలి. నిటారు మూలలో పొర చిట్లుతుంది. తర్వాత సిమెంటు పొడీ, పాలలాంటి ద్రవమూ కలిపే రెండు డబ్బాల రకం వాటర్‌ప్రూఫ్ రెండు పూతలు, రెండోది మొదటిదానికి అడ్డంగా. గోడల మీదికి అడుగు ఎత్తు, షవర్ ఉన్న గోడకి 6 అడుగుల దాకా.

పూత డబ్బామీద చెప్పినన్ని రోజులు ఆరాక జాలీ మూసి, గుమ్మానికి ఇటుక కట్ట వేసి, రెండంగుళాల నీళ్లు నిలపండి. గోడమీద నీళ్ల అంచు దగ్గర పెన్సిల్ గీత గీయండి. 48 గంటల తర్వాత కింద హాలు సీలింగు చూడాలి, గీత చూడాలి. ఎండకి ఆవిరై కొంచెం తగ్గుతుంది, వేలి వెడల్పు తగ్గితే పూత మళ్లీ వేయించాల్సిందే. ఈ రెండు రోజులు మేస్త్రికి ఖాళీ రోజులు కాబట్టి వద్దంటాడు. కూలి ఇచ్చయినా సరే ఆపండి. వాటర్‌ప్రూఫ్ పొర వేయకముందే దాని కింద మాలులోనే వాటం ఇవ్వాలని కూడా గుర్తుంచుకోండి. టైలుకే వాటమిచ్చి కింద బల్లపరుపుగా వదిలితే లోపలికి దిగిన నీళ్లు అక్కడే ఏళ్లతరబడి నిలుస్తాయి.

గోడలో నీళ్ల గొట్టాలు మూయకముందు ఇంకో పరీక్ష. అతుకులు ఒక రోజు ఆరనిచ్చి, చేతి పంపుతో 10 కిలోల ప్రెషర్ ఎక్కించి గంటసేపు ఉంచండి. ముల్లు కదలకూడదు. ముల్లు దిగితే అతుకు అతుకూ పొడిగుడ్డతో తుడిచి చూస్తే ఎక్కడ తడిసిందో తెలుస్తుంది.

ప్రశ్న: మాది అంతర్వేది వైపు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, కుళాయిలు ఏడాదికే పాడైపోతున్నాయి, బేసిన్‌లో ఎర్రమరకలు. ఖరీదైన కుళాయిలు కొనమంటారా?

జవాబు: ఖరీదు కాదు, లోహం చూడండి. ఇనుప గొట్టాలు మీ ఊళ్లో వద్దే వద్దు, గోడలో అంతా సీపీవీసీ (వేడినీళ్లని తట్టుకునే ప్లాస్టిక్) గొట్టాలే. స్క్రూలు, కడ్డీలు, జాలీ మూత 304 రకం స్టీలు ఉండాలి. మామూలు స్క్రూ ఒక్కటి తుప్పు పట్టినా కడ్డీ ఊడుతుంది. ప్రతి కుళాయికీ ముందు యాంగిల్ కాక్ (ఆ ఒక్క కుళాయికే నీళ్లు ఆపే చిన్న వాల్వు) పెట్టిస్తే ఒకటి మార్చేటప్పుడు ఇల్లంతా నీళ్లు కట్టక్కర్లేదు. కుళాయి మూతిలోని జల్లెడ నెలకోసారి విప్పి వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టండి, పేరుకున్న సున్నం వదులుతుంది. మరకలకి యాసిడ్ పోయకండి. అది టైలు సందుల్లో సిమెంటుని తినేస్తుంది, ఆ సందుల్లోంచే ఉప్పునీళ్లు గోడలోకి దిగి పొక్కులు లేస్తాయి. మొదట్లోనే సందులకి సిమెంటు బదులు ఎపాక్సీ గ్రౌటు (జిగురులాంటి రెసిన్‌తో చేసిన పూడిక) పెట్టించండి. మీ నీళ్లకి ఎక్కువ డబ్బు పెట్టదగింది అదొక్కటే.